అయిదు లక్షల నీలం దారం

గురువారం ఉదయానికి వేసుకున్న పథకంలో దర్జీ మాస్టారి వంతుకు వచ్చిన పని ఒక్కటే. నోరు మెదపకుండా ఉండటం. తక్కిన పనులన్నీ ఆయన భార్య తన మీదే వేసుకుంది. ముందుగది తుడవడం, కిటికీలు బార్లా తెరవడం, వంటింట్లో కారే కుళాయి కింద మడత గుడ్డ పెట్టి టప్ టప్ అనే చప్పుడు వినబడకుండా చేయడం, మేడ మీది గదిలో పడి ఉన్న పాత కుట్టుమిషన్లను ఒక మూలకు జరపడం. పదిన్నరకు బ్రోకరు ఇల్లు కొనేవాణ్ణి వెంటబెట్టుకుని వస్తాడు. ఆయన ఇల్లు చూస్తాడు, నెట్ చూస్తాడు, నచ్చితే అక్కడికక్కడే అడ్వాన్సు ఇస్తాడు.

"మీరు మాత్రం ఏమీ మాట్లాడకండి," అంది భార్య. "పోయినసారి వచ్చినాయనకి గోడల్లో చెమ్మ ఎక్కడెక్కడుందో వేలు పెట్టి మరీ చూపించారు."

"ఆయన అడిగాడు కదా."

"అడిగితే? చిరుగున్న చోటు ముందు చూపించి గుడ్డ అమ్ముతారా ఎవరైనా?"

"నేను చూపిస్తాను," అన్నాడు మాస్టారు. అబద్ధం కాదు. చొక్కా కుట్టించుకోవడానికి వచ్చినవాడికి, 'ఈ గుడ్డ ఒక్క ఉతుకుకే కుదించుకుపోతుంది, వెనక్కి ఇచ్చేయండి' అని ముప్పై ఏళ్ళుగా చెబుతూ వస్తున్న మనిషి ఆయన. అందుకే ఊళ్ళో ఆయనకు మంచి పేరుంది, బ్యాంకులో మాత్రం ఏమీ లేదు.

ఇల్లు అమ్మాలని ఎవరికీ సరదా పుట్టలేదు. మాస్టారు ఇరవై రెండేళ్ళుగా అద్దెకున్న దుకాణం నాలుగు రోడ్ల మూల మీద ఉంది. ఆ దుకాణాన్నీ, వెనకున్న రెండు గదుల్నీ కలిపి అమ్మేస్తున్నానని యజమాని మూణ్ణెల్ల కిందట చెప్పాడు. పాత మనిషి కాబట్టి ఇరవై తొమ్మిది లక్షలకు మాస్టారికే ఇస్తానన్నాడు, కానీ శనివారం సాయంత్రం లోపల. ఆ పొద్దు దాటితే సెల్‌ఫోన్లు అమ్మేవాడొకడు ఇంకా ఎక్కువ పెట్టడానికి సిద్ధంగా ఉన్నాడు. దుకాణం పోతే మాస్టారి దగ్గర మిగిలేవి ఒక కత్తెర, ఒక టేపు, అరవైకి దగ్గరపడిన వయసు. కొత్త వీధిలో మళ్ళీ పేరు తెచ్చుకోవడానికి ఇంకో ఇరవై రెండేళ్ళు ఎవరిస్తారు? దుకాణం వెనక గదుల్లో కాపురం పెట్టుకుందాం, ఇల్లు అమ్మేయండి అని తేల్చి చెప్పింది భార్యే.

చిక్కల్లా ఆ ఇల్లు ఇరవై అయిదుకు మించి పలక్కపోవడం. రంగులు వేయిస్తే పెరుగుతుందేమోనని మాస్టారు అడిగితే బ్రోకరు నవ్వాడు.

"రంగులు దండగ మాస్టారూ. ఈ రోజుల్లో ఇల్లు చూడ్డానికి వచ్చినవాడు కుళాయి తిప్పడు, పైకప్పు చూడడు. గుమ్మంలో నిలబడి ఫోన్ తీస్తాడు. నెట్ ఎంత వేగంగా వస్తోందో చూస్తాడు. పై వీధిలో ఒకటి, కింది వీధిలో ఒకటి, ఒకే మేస్త్రి ఒకే ఏడాది కట్టిన రెండిళ్ళున్నాయి. గుర్తుపట్టడానికి కూడా వీల్లేదు, అంత ఒక్కలా ఉంటాయి. పై వీధికి వేగం నెట్ వచ్చింది, ఆ ఇల్లు ముప్పైకి పోయింది. కింది వీధిది ఇరవై నాలుగన్నా అడిగేవాడు లేడు."

"ఇటుకలు అవే కదా."

"ఇటుకలు ఎవడికి కావాలండీ."

ఆ మాట అన్న రెండు నెలలకు మాస్టారి వీధికీ నెట్ వచ్చింది. వీధిలో పదహారు ఇళ్ళకు లైన్లు పంచే పెద్ద పెట్టెను బిగించుకోవడానికి కంపెనీవాళ్ళకు ఒక గోడ కావలసివస్తే అందరూ ముఖం తిప్పుకున్నారు. మాస్టారి భార్య మాత్రం, 'మా అరుగు మీద పెట్టుకోండి, మొదటి లైను మాకివ్వండి' అంది. అలా మాస్టారి అరుగు గోడ మీద బూడిదరంగు పెట్టె ఒకటి వెలిసింది. ఇంటి ధర మూణ్ణాళ్ళలో ముప్పై అయింది. ముప్పై ఏళ్ళలో తను కుట్టిన కుట్లన్నీ కలిపినా మిగలని డబ్బు ఒక తీగ తెచ్చిందే అని మాస్టారు ఆ పెట్టె వంక గౌరవంగా చూసేవాడు.

బుధవారం సాయంత్రం ఆ పెట్టె మూత పగిలింది. లైన్లు చూసుకునే ఆవిడ వచ్చింది. ఆమె స్కూటరుకు ఒక పక్క మడత నిచ్చెన ఎప్పుడూ కట్టి ఉంటుంది కాబట్టి వీధంతా ఆమెను నిచ్చెనమ్మ అంటుంది. ఆమె పగిలిన మూతను తాత్కాలికంగా టేపుతో అతికించి, "రేపు కొత్తది తెస్తాను పిన్నిగారూ. అంతదాకా పెట్టెను ఎవరూ ముట్టుకోకుండా చూడండి," అని చెప్పి వెళ్ళింది. మాస్టారు దుకాణం నుంచి రాగానే భార్య ఆ మాట పొల్లు పోకుండా ఆయనకు అప్పగించింది. పెట్టెను ముట్టుకోవద్దు. సరే అన్నాడు.

ముట్టుకోలేదు కూడా.

గురువారం తొమ్మిదీ నలభైకి చేసే పని లేక, మాట్లాడే అనుమతి లేక, మాస్టారు కత్తెర పట్టుకుని ఇల్లంతా తిరిగాడు. వేలాడే పోగు కనిపిస్తే ఆయన చెయ్యి ఊరుకోదు. ఒకసారి బస్సులో ముందు సీటు పెద్దమనిషి కాలరు వెనక పోగు కత్తిరించబోయి, జేబుదొంగ అనుకున్న జనం చేతిలో తన్నులు తినబోయాడు. ఆ ఉదయం కర్టెన్‌కు రెండు పోగులు, కాళ్ళపట్టాకు నాలుగు, దిండు గలీబుకు ఒకటి దొరికాయి. అరుగు మీదకు వచ్చాడు. పెట్టె మూత సందులోంచి బయటికి జారి, గాలికి ఊగుతూ, నీలం దారం ఒకటి ఉంగరంలా వేలాడుతోంది. నెట్ అంతా పెట్టెలోకి దిగే వేలెడు లావు నల్ల తీగలోంచి వస్తుందని ఆయన నమ్మకం. కొనేవాళ్ళు వచ్చే వేళకు గుమ్మంలో ఈ పోగేమిటి అనుకున్నాడు. అనుకోవడం కూడా పూర్తికాలేదు, కత్తెర తన పని తాను చేసేసింది.

కిటికీలో భార్య పెట్టుకున్న ఫోన్‌లో పాట ఆగిపోయింది. ఎదురింట్లో కంప్యూటరు ముందు పిల్లలకు భిన్నాలు చెబుతున్న లెక్కల టీచరమ్మ గొంతు, "మూడింట రెండు వంతులు అంటే..." దగ్గర ఆగి, "పిల్లలూ, ఎక్కడికి పోయారు?" అంది. పక్కింటి చదరంగం తాతగారు ఏదో దేశం మనిషితో నెట్‌లో ఆడుతూ, గెలవడానికి రెండెత్తుల దూరంలో, "ఇదేమిటి, కదలడం లేదు," అన్నాడు. మాస్టారు చేతిలో ఉన్న రెండంగుళాల నీలం ముక్క వంక చూసుకున్నాడు. కూర్చున్న కొమ్మను నరుక్కున్నవాడి కథ చిన్నప్పుడు విని నవ్విన మనిషే ఆయన. ఇప్పుడు నవ్వు రాలేదు.

తెగిన దారానికి దర్జీకి తెలిసిన వైద్యం ముడి. రెండు కొసలూ వెతికి పట్టుకుని ముడి వేయబోయాడు. దారం వంగలేదు, పుటుక్కున ఇంకో ముక్క ఊడింది. మళ్ళీ వేశాడు, మళ్ళీ ఊడింది. సూదిలో ఎక్కించి కుడదామన్న ఆలోచన వచ్చిన సమయానికి భార్య గుమ్మంలోకి వచ్చింది.

"ఏం చేశారు?"

"పోగు వేలాడుతుంటే..."

"పెట్టెను ముట్టుకోవద్దన్నాను."

"ముట్టుకోలేదు. పోగు బయటే ఉంది."

ఆమె ఆ ముక్కను చూసింది, ఆయన్ను చూసింది, లోపలికి వెళ్ళి ఫోన్ తెచ్చుకుంది. ఆమెలో మాస్టారు అబ్బురపడే గుణం ఇదే. ఇల్లు అంటుకుంటే అగ్గిపుల్ల గీసిందెవరని అడుగుతూ కూర్చోదు, ముందు నీళ్ళు తెస్తుంది. అడగడం తర్వాత, తీరిగ్గా, ఏళ్ళ తరబడి. నిచ్చెనమ్మ ఊరి అవతలి కొసన ఒక స్తంభం మీద ఉంది. విషయం విని, "దిగుతున్నాను పిన్నిగారూ, అరగంట పైనే పడుతుంది. ఇంక ఎవరినీ చెయ్యి పెట్టనివ్వకండి," అంది. మాస్టారు రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు.

ఈలోపల వీధి మాస్టారి అరుగు ముందుకు చేరింది. ఎవరికి తోచింది వారు చెప్పారు. ఒకరు గాలి అన్నారు, ఒకరు ఎలుక అన్నారు. అసలు కారణం మాత్రం తనకు తెలుసునని చదరంగం తాతగారు ప్రకటించాడు.

"మాస్టారూ, ఇల్లు అమ్ముకుంటున్నారు, బాగానే ఉంది. పోతూ పోతూ నెట్ పెట్టె కూడా ఊడదీసి దుకాణానికి పట్టుకుపోతున్నారట కదా."

"ఎవరన్నారండీ ఆ మాట?"

"ఎవరూ అనకపోతే నాకెలా తెలుస్తుంది?"

దాంతో ఆ మాట నిజమైపోయింది. లెక్కల టీచరమ్మ చేతిలో సుద్దముక్కతోనే ముందుకు వచ్చింది. "మొన్ననే బ్యాంకువాళ్ళు మా ఇంటికి విలువ కట్టారు. నెట్ చూసి నాలుగు లక్షలు ఎక్కువ రాశారు. మీరు పెట్టె పీకేస్తే ఆ నాలుగూ మీరిస్తారా?" అంది. పదహారు ఇళ్ళు, ఇంటికి నాలుగు. తను రెండంగుళాల దారంతో ఎంత నష్టం కత్తిరించాడో ఆమె అక్కడికక్కడే లెక్క కట్టి చెబుతుంటే మాస్టారు ఆ నీలం ముక్కను జేబులో దాచుకున్నాడు.

అప్పుడు భార్య అరుగు మెట్టు మీద నిలబడి, గొంతు పెంచకుండా చెప్పింది. "పెట్టె ఎక్కడికీ పోదు. నిచ్చెనమ్మ వస్తోంది. ఈలోగా కొనేవాళ్ళు వస్తారు. ఈ వీధిలో నెట్ పోతుందని బ్రోకరు చెవిన పడితే తగ్గేది మా ఇంటి ధర ఒక్కటే కాదు. ఆలోచించుకోండి."

వీధి ఆలోచించుకుంది. ఎక్కువసేపు పట్టలేదు. అంతవరకు మాస్టారిని నిలదీసిన పదిమందీ క్షణంలో ఒక్కింటివాళ్ళయిపోయారు. సరిగ్గా అప్పుడే, చెప్పిన వేళకు పావుగంట ముందుగా, బ్రోకరు కారు వచ్చి ఆగింది.

కొనేవాడు నలభై ఏళ్ళ మనిషి. ఆఫీసు ఎక్కడో ఉంది, ఆయన పని మాత్రం ఇంట్లో కుర్చీలో జరుగుతుంది. ముందురోజు ఫోన్‌లో మాట్లాడినప్పుడు ప్రతి వాక్యం చివర 'నా మాట వినబడుతోందా' అని అడిగాడు కాబట్టి మాస్టారి భార్య ఆయనకు వినబడుతోందా గారు అని పేరు పెట్టింది. ఆయన కారు దిగి జనాన్ని చూసి ఆగిపోయాడు.

"ఇంతమంది బయట ఉన్నారేమిటండీ?"

"మా వీధిలో రోజూ పదింటికి అందరం ఇలా బయటికి వస్తామండీ," అంది లెక్కల టీచరమ్మ, తడుముకోకుండా. "రోజంతా నెట్ ముందే కదా. కళ్ళకి మంచిది."

"చాలా బావుంది," అన్నాడాయన. నిజంగానే మెచ్చుకున్నాడు. తర్వాత జేబులోంచి ఫోన్ తీశాడు. "పదకొండుకి నాకు మీటింగ్ ఉంది. మీకు అభ్యంతరం లేకపోతే ఇక్కణ్ణుంచే చేస్తాను. అంతకన్నా పరీక్ష ఏముంటుంది? ముందు ఒకసారి స్పీడు చూద్దాం."

భార్య మాస్టారి వంక చూసింది. నోరు మూసుకోమని చెప్పిన కళ్ళే ఇప్పుడు ఏదో ఒకటి చేయమన్నాయి. మాస్టారు చేయగలిగింది ఈ లోకంలో ఒక్కటే ఉంది.

"మీ కాలరు ఎడమవైపు లేచి ఉందండీ," అన్నాడు.

"ఎక్కడ?"

"ఇక్కడ. లోపలి గుడ్డ ముడుచుకుపోయింది. మీటింగుల్లో పై సగమే కనబడుతుంది కదండీ, ఆ పై సగంలో ఇదే కనబడుతుంది. ఇన్నాళ్ళూ మీకెవరూ చెప్పలేదా?"

ఆ మనిషి ముఖంలో రంగు మారింది. మూడేళ్ళ మీటింగులు ఆయన కళ్ళముందు తిరిగాయి కాబోలు. "సరిచేయవచ్చా?" అన్నాడు. అయిదు నిమిషాల పని అన్నాడు మాస్టారు. చొక్కా విప్పించాడు, మేడ గదిలో కూర్చోబెట్టి, పాత మిషన్లలో ఒకదాని ముందు తను కూర్చున్నాడు. కాలరు నిజంగానే లేచి ఉంది, అందులో మోసం లేదు. మోసమల్లా అయిదు నిమిషాల పనిని పావుగంటైనా తెమల్చకపోవడంలో ఉంది. కుట్లు ఒక్కొక్కటీ సూదిమొనతో ఊడదీశాడు. ప్రతి కుట్టు గురించీ ఏదో ఒకటి చెప్పాడు. బనీనుతో మిగిలిపోయిన వినబడుతోందా గారు ఫోన్ తీసినప్పుడల్లా, "చెయ్యి ఒకసారి చాపండి, భుజం కొలత చూడాలి," అని రెండు చేతులూ బార్లా చాపించాడు. చాపిన చేతులతో స్పీడు పరీక్షించడం ఎవరికీ సాధ్యం కాదు.

పదిన్నరకు కింద స్కూటరు చప్పుడయింది. మాస్టారు చేతిలో చొక్కాతోనే మెట్లు దిగాడు. ఆయన వెనకే, చొక్కా ఎటు పోతే తనూ అటే పోవాలి కాబట్టి, బనీను మీద వినబడుతోందా గారూ దిగాడు.

నిచ్చెనమ్మ అప్పటికే పెట్టె మూత తీసింది. లోపల నీలం, ఆరెంజి, ఆకుపచ్చ, గోధుమ రంగుల్లో సన్నటి దారాలు చుట్టలు చుట్టి, ఒకదాన్నొకటి తాకకుండా పొందిగ్గా అమర్చి ఉన్నాయి. ఇంత శ్రద్ధగా సర్దిన దారపు పెట్టెను మాస్టారు తన జన్మలో చూడలేదు. వీధి మొత్తానికీ నెట్ తెచ్చే నీలం పోగు తెగిన కొసను ఆమె వేలి మీద పెట్టుకుని ఎండకు ఎత్తి చూసింది.

"గాలి కాదు," అంది. "ఎలుకా కాదు. ఎలుక కొరికితే పీచుపీచుగా ఉంటుంది. ఇది ఒక్క వేటుకు తెగింది. మంచి కత్తెర. బాగా సాన పట్టింది." ఆమె ఎవరి వంకా చూడలేదు. చూసే అవసరం కూడా రాలేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు మాస్టారి చెయ్యి మెడలో వేలాడుతున్న కత్తెర మీదకు వెళ్ళింది. వీధంతా ఆ చెయ్యినే చూసింది.

బ్రోకరు వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. భార్య కళ్ళు మూసుకుంది. మాస్టారు చెప్పేశాడు.

"నేనే కత్తిరించానండీ. దారం అనుకున్నాను. నలభై నిమిషాల బట్టి వీధిలో ఎవరికీ నెట్ లేదు. ఈ కాలరు అయిదు నిమిషాల్లో అయిపోవాల్సింది, కావాలనే సాగదీశాను. మీరు క్షమించాలి."

వినబడుతోందా గారు బనీను మీద చేతులు కట్టుకున్నాడు. నిచ్చెనమ్మ మాత్రం, "అలా పక్కకి జరుగుతారా, నీడ పడుతోంది," అంది. పని మొదలుపెట్టింది.

ఆ తర్వాత జరిగింది చూస్తూ మాస్టారు తన తప్పును, ఇంటిని, శనివారాన్ని కూడా మర్చిపోయాడు. ఆమె నీలం దారం పైతొక్కను చిన్న పనిముట్టుతో ఒలిచింది. లోపల మిగిలినది వెంట్రుక కన్నా సన్నం. అది దారం కాదు, గాజు. నెట్ వెలుతురు రూపంలో వచ్చేది దాన్లోంచే. ఆ గాజు పోగును తడిగుడ్డతో తుడిచి, కొసను మళ్ళీ నిలువుగా తెంపి, రెండో కొసను కూడా అలాగే సిద్ధం చేసి, అరచేతిలో పట్టే యంత్రంలో రెండింటినీ ఎదురెదురుగా పడుకోబెట్టింది. యంత్రం తెర మీద ఆ రెండు పోగులూ దూలాలంత లావుగా కనిపించాయి. చిటుక్కుమని ఒక మెరుపు వచ్చింది. తెర మీద ఇప్పుడు ఒకటే పోగు ఉంది.

"అతుకు ఏదమ్మా?" అన్నాడు మాస్టారు.

"కనబడితే అది అతుకెందుకవుతుంది మాస్టారూ."

చిరిగిన కోటుకు రఫ్ఫు చేసి, చిరుగెక్కడో తెలియకుండా చేయడమే తన విద్యకు శిఖరం అని ఆయన ఇన్నాళ్ళూ అనుకున్నాడు. ఈమె వెలుతురుకు రఫ్ఫు చేసింది. అరుగు మీద, ఎండలో, పదిమంది మీద పడి చూస్తుండగా, చెయ్యి వణక్కుండా. ఆమె ముందు తనింకా బొత్తాలు కుట్టడం దగ్గరే ఉన్నానని మాస్టారికి అనిపించింది. అలా అనిపించినందుకు బాధ కలగలేదు, సంతోషమే కలిగింది.

పదకొండుకు రెండు నిమిషాలుండగా కిటికీలో పాట ఆగిన చోటినుంచి మళ్ళీ మొదలైంది. టీచరమ్మ పరుగున వెళ్ళింది. తాతగారు కూడా వెళ్ళాడు గానీ, గడువు దాటి ఆట అప్పటికే పోయింది. ఆ సంగతి ఆయన ఇప్పటికీ వారానికోసారి మాస్టారికి గుర్తు చేస్తుంటాడు. వినబడుతోందా గారు గుండుసూదులతో నిలబెట్టిన కాలరు వేసుకుని ముందుగదిలో మీటింగ్‌కు కూర్చున్నాడు. "నా మాట వినబడుతోందా?" అన్నాడు. ఎప్పుడూ లేనంత బాగా వినబడుతోందని అవతలివాళ్ళు అన్నారు. మెడ తిప్పడానికి వీల్లేని సూదుల వల్ల ఆయన మహా గంభీరంగా కూడా కనిపించాడట.

అరగంట తర్వాత ఆయన అరుగు మీదకు వచ్చాడు. నిచ్చెనమ్మ కొత్త మూత బిగిస్తోంది.

"స్పీడు బాగుంది," అన్నాడు. "కానీ వేగం నెట్ ఇప్పుడు చాలాచోట్ల ఉందండీ. పోతే వచ్చేవాళ్ళే ఎక్కడా లేరు. నేనుంటున్న చోట పోయిన నెల లైను పోయింది. తొమ్మిది రోజులు మా అత్తగారి వంటింట్లో కూర్చుని మీటింగులు చేశాను. ముప్పై ఇచ్చేది వేగానికి కాదు, మళ్ళీ ఆ వంటింటికి వెళ్ళకుండా ఉండటానికి." ఆయన నిచ్చెనమ్మ వైపు తిరిగాడు. "ఫోన్ చేసిన ఎంతసేపటికి వచ్చారు మీరు?"

"నలభై నిమిషాలు పట్టిందండీ. ఆలస్యమైంది, ఏమీ అనుకోకండి. స్తంభం దిగి రావాలి కదా."

నలభై నిమిషాలకు క్షమాపణ చెప్పే మనిషిని ఆయన అంతకు ముందు చూసినట్టు లేదు. "మీ ఇల్లు ఈ దగ్గర్లోనేనా?" అన్నాడు ఆశగా.

ఆమె నవ్వింది. "ఒకప్పుడు పై వీధిలో ఉండేదాన్నండీ. అక్కడికి లైను లాగాను. మూణ్ణెల్లకి అద్దె పెంచారు, స్టేషను వెనక్కి మారాను. అక్కడికీ లాగాను. మళ్ళీ పెంచారు. ఇప్పటికి నాలుగిళ్ళు మారాను. నేను నిచ్చెన దిగిన చోట అద్దె ఎక్కుతుంది. ఇప్పుడు లైను లేని చోట ఉంటున్నాను, ఇక్కడికి గంటన్నర. పగలైతే ఎక్కడో దగ్గర్లో పనిలో ఉంటాను. రాత్రి పోతే మాత్రం మర్నాడే."

వీధిలో పదహారు ఇళ్ళ ధర పెంచిన మనిషికి ఆ వీధిలో ఒక్క గది అందడం లేదన్న సంగతి అంతవరకు ఎవరికీ తట్టలేదు. మాస్టారికి సిగ్గేసింది. వినబడుతోందా గారు నిట్టూర్చాడు.

"అయితే ఇరవై ఆరండీ. అంతకన్నా పెట్టలేను."

ఇరవై ఆరుకు దుకాణం రాదు. మాస్టారి కళ్ళకు తన దుకాణం అద్దాల వెనక వరసగా సెల్‌ఫోన్లు కనిపించాయి. "మీ ఇష్టమండీ," అన్నాడు. "తప్పు నాది."

భార్య మాత్రం కొనేవాడి వంక చూడనేలేదు. "అమ్మాయ్," అంది నిచ్చెనమ్మతో, "ఇప్పుడు అద్దె ఎంత కడుతున్నావు?"

ఆమె చెప్పింది.

"మా మేడ గది చూశావుగా. విడిగా మెట్లున్నాయి, కుళాయి ఉంది. నువ్వు ఇప్పుడు కట్టే అద్దెకే ఉంటావా? పదేళ్ళు ఒక్క పైసా పెంచకుండా, కాగితం మీద రాసి?"

నిచ్చెనమ్మ చేతిలో స్క్రూడ్రైవరు ఆగింది. ఒకసారి మేడ వంక చూసింది, పెట్టె వంక చూసింది. "రాత్రి తొమ్మిది దాటాక తలుపు కొట్టకూడదు," అంది. "వీధి మొత్తం ఆగిపోతే తప్ప."

"విన్నారుగా," అంది భార్య, అప్పుడు కొనేవాడి వైపు తిరిగి. "ఇల్లు ముప్పై. మేడ గది ఈ అమ్మాయికి, ఆ అద్దెకి, పదేళ్ళు. ఇష్టమైతే చెప్పండి, లేకపోతే మీ అత్తగారిని అడిగామని చెప్పండి."

ఇరవై ఏళ్ళ వ్యాపారంలో అద్దె తక్కువని చెప్పి ఇంటి ధర పెంచినవాళ్ళను బ్రోకరు చూడలేదు. మాస్టారు భార్య వంక చూస్తూ ఉండిపోయాడు. ఆ చూపులో పెళ్ళినాటి బిడియం కూడా కొంత ఉంది.

వినబడుతోందా గారు గుండుసూదులున్న మెడను జాగ్రత్తగా తిప్పి, మేడ మెట్ల కేసి, స్కూటరుకున్న నిచ్చెన కేసి చూశాడు.

"పదేళ్ళు సరిపోవండీ," అన్నాడు. "పదిహేను రాయించండి."

శుక్రవారం సాయంత్రానికి దుకాణం మాస్టారిదయింది. ఆదివారం నిచ్చెనమ్మ ఒక ట్రంకుపెట్టె, ఒక చాప, రెండు చుట్టల తీగ తెచ్చుకుని మేడ గదిలో దిగింది. సోమవారం పొద్దున్నే బ్రోకరు వీధిలోకి వచ్చి, మేడ మీద ఆరేసిన ఆమె బట్టల్ని కాసేపు చూసి, అమ్మకానికే పెట్టని పక్కింటి ధరను రెండు లక్షలు పెంచి వెళ్ళిపోయాడు.